ఖతార్ ఉత్తర దీవులు

నిర్వచనం, పరిధి

ఖతార్ ద్వీపకల్పం అరేబియా నేల నుంచి ఉత్తరంగా గల్ఫ్‌లోకి సుమారు 160 కిలోమీటర్లు చొచ్చుకుపోయింది. కొసకు చేరాక అక్కడ నేల ఒక్కసారిగా ఆగిపోదు. ఇసుక తిన్నెలుగా, మడ పొదలుగా, పోటుకు మునిగి పాటుకు తేలే మెరకలుగా విడిపోతూ నీళ్లలో కలుస్తుంది. ఈ కొసన ఉన్న రాస్ రకన్, ఉమ్ తైస్ దీవులు, తూర్పు తీరాన అల్ ఖోర్ అఖాతంలోని బిన్ గన్నామ్, నడిసముద్రంలోని హాలుల్, పడమట బహ్రెయిన్ వైపు పరుచుకున్న పగడపు దిబ్బలు, హవార్ దీవుల సముదాయం ఈ వ్యాసం పరిధిలోకి వస్తాయి. పాలనాపరంగా ‘ఉత్తర దీవులు’ అనే పేరుతో విడి ప్రాంతమేదీ లేదు. వీటిలో హవార్ దీవులు ఇప్పుడు బహ్రెయిన్‌వి. అయినా ఖతార్ తీరానికి అవి రెండు కిలోమీటర్ల దూరంలోపే ఉన్నాయి కనుక వాటిని వదిలేస్తే ఈ జలాల చరిత్ర సగమే చెప్పినట్టవుతుంది. ఆగ్నేయాన ఉన్న శరావ్, అషాత్ దీవులు ఈ వ్యాసంలో లేవు.

పెద్ద ఊరు, పొలం, బావి ఉన్న దీవి వీటిలో ఒక్కటీ లేదు. అయినా ముత్యాల వ్యాపారం, చమురు ఒప్పందాలు, రెండు దేశాల సరిహద్దు, అంతరించే ప్రమాదంలో ఉన్న సముద్ర ప్రాణుల మనుగడ ఈ కొద్దిపాటి నేలతో ముడిపడ్డాయి. ఇక్కడ భూమికీ సముద్రానికీ మధ్య తేడా చాలాచోట్ల మూరెడు నీరే. ఈ ప్రాంతపు జీవనాన్ని, రాజకీయాన్ని అర్థం చేసుకోవడానికి ముందు ఆ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

పుట్టుక, భూస్వరూపం

ఈ దీవుల వయసు చాలా తక్కువ. సుమారు 20 వేల ఏళ్ల కిందట మంచు యుగం ముదిరినప్పుడు ప్రపంచ సముద్రమట్టం ఇప్పటికంటే 120 మీటర్లకు పైగా దిగువన ఉండేది. గల్ఫ్ సగటు లోతు 35 మీటర్ల చుట్టుపక్కలే కాబట్టి అప్పుడిది సముద్రం కాదు, టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల నీరు హార్ముజ్ వైపు పారే విశాలమైన లోయ. మంచు కరిగి సముద్రం లోపలికి రావడం మొదలయ్యాక, సుమారు 6 వేల ఏళ్ల కిందటికి నీరు ఇప్పటి మట్టానికి చేరింది. కొంతకాలం అంతకంటే ఒకటి రెండు మీటర్లు ఎక్కువగా కూడా నిలిచి, తరువాత తగ్గింది. అలా తగ్గినప్పుడు బయటపడిన ఇసుక మేటలు, పగడపు ముక్కలు, గవ్వల పొరలు గట్టిపడి ఇప్పటి తీర దీవుల్లో చాలావాటికి పునాది అయ్యాయి.

నిర్మాణాన్ని బట్టి వీటిలో మూడు రకాలు కనిపిస్తాయి. రాస్ రకన్, ఉమ్ తైస్ మొదటి రకం. ఇవి అలలు, గాలి తెచ్చి పోసిన ఇసుకతో ఏర్పడ్డ పల్లపు దీవులు. వీటి అంచులు ఏటేటా కొద్దికొద్దిగా జరుగుతూ ఉంటాయి. రెండో రకం హవార్ వంటి సున్నపురాయి దీవులు. ఇవి ఖతార్ ప్రధాన భూభాగపు రాతికి కొనసాగింపే, మధ్యలో పల్లం మునిగిపోవడంతో విడిపోయాయి. హాలుల్ ఒక్కటే మూడో రకం. భూగర్భంలో కోట్ల ఏళ్ల నాటి ఉప్పు పొరలు పైనున్న రాతిని తోసుకుంటూ గుమ్మటంలా లేవడం వల్ల అది పుట్టింది. చుట్టూ ఉన్న దీవులు నీటి మీద కొద్దిపాటి ఎత్తులోనే ఉంటే, హాలుల్ గుట్ట సుమారు 60 మీటర్ల ఎత్తు ఉంటుంది. పూర్వం నావికులకు అదే గుర్తు.

ఖతార్‌కు, బహ్రెయిన్‌కు మధ్య సముద్రం మరీ లోతు తక్కువ. పది మీటర్ల లోతు కూడా లేని చోట్లే ఎక్కువ. అరబ్బీలో ‘ఫష్త్’ అని పిలిచే పగడపు దిబ్బలు ఇక్కడ పెద్ద విస్తీర్ణంలో ఉన్నాయి. దారి తెలియని పడవకు ఇవి ప్రమాదకరం. చేపకు, ముత్యపు చిప్పకు, సముద్రపు గడ్డికి మాత్రం ఇంతకంటే అనువైన చోటు గల్ఫ్‌లో తక్కువ. వెలుతురు అడుగుదాకా చేరుతుంది, నీరు త్వరగా వేడెక్కుతుంది.

వాతావరణం, నీటి ఎద్దడి

ఖతార్‌లో ఏడాది సగటు వర్షపాతం 75-80 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. తెలుగు నేలలో కరువుకు మారుపేరైన అనంతపురంలో 500 మిల్లీమీటర్లకు పైగా పడుతుందని గుర్తుచేసుకుంటే ఇక్కడి పరిస్థితి తెలుస్తుంది. పడే ఆ కాస్త వాన కూడా నవంబరు నుంచి ఏప్రిల్ లోపే, ఒకటి రెండు జడివానలుగా వచ్చిపోతుంది. వేసవిలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. ఆగస్టులో సముద్రపు నీరే 34-36 డిగ్రీలకు చేరుతుంది, శీతకాలంలో అదే నీరు 15-18 డిగ్రీలకు పడిపోతుంది. ఇంత తేడాను తట్టుకునే పగడాలు, చేపలు ప్రపంచంలో చాలా తక్కువ.

వాయవ్యం నుంచి వీచే ‘శమాల్’ గాలి ఇక్కడి వాతావరణాన్ని శాసిస్తుంది. జూన్, జూలై నెలల్లో అది రోజుల తరబడి వీస్తుంది, ఇరాక్ వైపు నుంచి ధూళి మోసుకొస్తుంది. శీతకాలపు శమాల్ తక్కువ రోజులే ఉన్నా సముద్రాన్ని మరింత అల్లకల్లోలం చేస్తుంది. లోతులేని నీటిలో అలలు పొట్టిగా, నిటారుగా లేస్తాయి. చిన్న పడవలు అలాంటప్పుడు ఉత్తర తీరంలోని రువైస్ రేవు దాటవు.

ఈ దీవుల్లో మనుషులు స్థిరపడకపోవడానికి మొదటి కారణం తాగునీరు. ఖతార్ ఉత్తర భూభాగం కింద, ఉప్పునీటి మీద తేలుతూ మంచినీటి పొర ఒకటి ఉంది. తీర గ్రామాల బావులు దాని మీదే బతికాయి. చిన్న ఇసుక దీవుల కింద అలాంటి పొర నిలవదు. వేటకు వచ్చినవారు నీళ్లు వెంట తెచ్చుకోవాల్సిందే. హవార్‌లో వాననీరు పట్టుకునే తొట్లు తవ్వుకున్నారు. అవి నిండిన ఏడు కొన్నాళ్లు ఉండగలిగేవారు, నిండని ఏడు తిరుగుముఖం పట్టేవారు.

ప్రధాన దీవులు

రాస్ రకన్: ఖతార్ భూభాగానికి ఉత్తరపు కొస. 26 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త పైన ఉంది. జనావాసం లేదు. ఇసుక, ఉప్పుకు ఓర్చే పొదలు, చుట్టూ పగడపు మెరకలు ఉంటాయి. వేసవి ఆరంభంలో హాక్స్‌బిల్ తాబేళ్లు ఇక్కడ గుడ్లు పెడతాయి (చూ. ప్రాణికోటి).

ఉమ్ తైస్: రువైస్‌కు తూర్పున తీరాన్ని ఆనుకుని ఉన్న ఇసుక దీవి. ఖతార్ ప్రభుత్వం 2006లో దీన్ని జాతీయ ఉద్యానంగా ప్రకటించింది. పాటు వేళ తీరానికీ దీవికీ మధ్య నీరు చాలావరకు వెనక్కిపోయి బురద నేల, మడ మొక్కల శ్వాసవేళ్లు బయటపడతాయి.

బిన్ గన్నామ్: అల్ ఖోర్ పట్టణం దగ్గర, అఖాతం లోపల ఉన్న చిన్న దీవి. పురావస్తు పరంగా ఈ దీవులన్నిటిలో విలువైనది ఇదే. క్రీస్తుపూర్వం రెండో సహస్రాబ్ది రెండో సగంలో, బాబిలోనియాను కస్సైట్ రాజులు ఏలుతున్న కాలంలో, ఇక్కడ సముద్రపు నత్తల నుంచి ఊదా రంగు తీశారు. ఫ్రెంచి పురావస్తు బృందం 1980ల్లో జరిపిన తవ్వకాల్లో పగలగొట్టిన నత్తగుల్లల పెద్ద కుప్ప బయటపడింది. ఆ గుల్లల సంఖ్యను దాదాపు 30 లక్షలుగా అంచనా వేశారు. ఒక్కో నత్త నుంచి వచ్చే రంగు చుక్కంతే. అంత శ్రమతో తీసిన రంగు రాజుల, పూజారుల వస్త్రాలకే వెళ్లి ఉంటుందని చరిత్రకారుల అభిప్రాయం. ఇంత మారుమూల దీవి ఆ కాలంలోనే మెసొపొటేమియా వాణిజ్యంతో ముడిపడి ఉందనడానికి అక్కడ దొరికిన కస్సైట్ తరహా కుండపెంకులు ఆధారం.

హాలుల్: దోహాకు ఈశాన్యంగా దాదాపు 100 కిలోమీటర్ల దూరంలో, సుమారు ఒకటిన్నర చదరపు కిలోమీటర్ల దీవి. పూర్వం ముత్యాల పడవలకు గాలి చాటు, ఇప్పుడు చమురు నిల్వ కేంద్రం (చూ. చమురు, సహజవాయువు).

హవార్, జనాన్: ఖతార్ పశ్చిమ తీరానికి ఎదురుగా ఉన్న హవార్ సముదాయం మొత్తం విస్తీర్ణం సుమారు 50 చదరపు కిలోమీటర్లు, అందులో అత్యధిక భాగం హవార్ ప్రధాన దీవిదే. దక్షిణాన ఉన్న చిన్న జనాన్ దీవి మాత్రం ఖతార్‌ది. దీని వెనుక ఉన్న కథ సరిహద్దు విభాగంలో ఉంది.

తీర గ్రామాలు, జనజీవనం

దీవుల మీద ఊళ్లు లేకపోయినా, వాటి మీద ఆధారపడిన ఊళ్లు ఎదురు తీరంలో వరుసగా ఉండేవి. అల్ జుమైల్, అల్ అరీష్, అల్ ఖువైర్, ఫ్రైహా, అల్ మఫ్జర్, అబూ దలూఫ్, రువైస్ వాటిలో కొన్ని. వీటన్నిటికంటే పెద్దది జుబారా. అల్ ఖలీఫాలతో సహా ఉతూబ్ తెగవారు 18వ శతాబ్దం మధ్యకాలం తరువాత ఇక్కడ స్థిరపడి దీన్ని గల్ఫ్‌లోని పెద్ద ముత్యాల రేవుల్లో ఒకటిగా మార్చారు. 1783లో అల్ ఖలీఫాలు బహ్రెయిన్‌ను గెలుచుకుని అటు తరలారు. 1811లో జరిగిన దాడిలో జుబారా తగలబడింది. తరువాత కొంత తేరుకున్నా పాత వైభవం రాలేదు, 20వ శతాబ్దం ఆరంభానికి ఊరు ఖాళీ అయింది. ఇసుక కప్పేయడం వల్లే దాని వీధులు, పెరటి ఇళ్లు, ఖర్జూరపు పాకం కారే గదులు చెక్కుచెదరకుండా మిగిలాయి. 2013లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పక్కనే కనిపించే కోట మాత్రం 1938 నాటిది.

మిగతా గ్రామాల ఇళ్లు తీరంలో దొరికే పగడపు రాయి, సున్నపు గారతో కట్టినవి. పైకప్పుకు మడ దూలాలు తూర్పు ఆఫ్రికా నుంచి పడవల్లో వచ్చేవి. వాటి పొడవు పరిమితం కనుక గదుల వెడల్పూ పరిమితమే. ఆడవాళ్లు, పిల్లలు ఏడాదంతా ఊళ్లో ఉంటే, మగవాళ్లు వేసవి నాలుగు నెలలు ముత్యాల దిబ్బల మీద, మిగతా కాలం చేపల వేటలో, కొందరు ఒంటెల మందలతో లోపలి మైదానాల్లో గడిపేవారు.

చేపల వేటకు వారు ఆటుపోట్లనే పనిముట్టుగా వాడుకున్నారు. తీరానికి దగ్గరగా, లోతులేని చోట, రాళ్లను అర్ధచంద్రాకారంలో నడుమెత్తు గోడగా పేర్చేవారు. పోటు వేళ నీరు గోడ మీదుగా లోపలికి వస్తుంది, దానితోపాటు చేపలూ వస్తాయి. పాటు వేళ నీరు రాళ్ల సందుల్లోంచి జారిపోతుంది, చేపలు మడుగులో చిక్కుపడతాయి. ‘మస్కర్’ అనే ఈ రాతి కట్టలు ఉత్తర తీరంలో పలుచోట్ల ఇప్పటికీ కనిపిస్తాయి. లోతు నీటిలో ‘గర్గూర్’ వాడతారు. ఇది గుమ్మటంలాంటి తీగల బోను. ఒకపక్క గరాటులాంటి నోరు ఉంటుంది, లోపలికి దూరిన చేప తిరిగి బయటికి రాలేదు. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన తెలుగువారికి బాగా తెలిసిన హమూర్ చేప ఎక్కువగా ఈ బోనులోనే పడుతుంది. మన వంజరం కూడా ఈ నీళ్లలో ఉంది, అక్కడ దాన్ని కనద్ అంటారు.

ఈ గ్రామాల్లో చాలావరకు 20వ శతాబ్దం మూడో పాదానికల్లా ఖాళీ అయ్యాయి. ముత్యాల బేరం పడిపోయింది, బావుల్లో ఉప్పు పెరిగింది, దుఖాన్ చమురు క్షేత్రంలోనూ దోహాలోనూ జీతమిచ్చే పనులు వచ్చాయి. 1970ల్లో ప్రభుత్వం మదీనత్ అష్ షమాల్ పట్టణాన్ని నిర్మించి కరెంటు, నీరు, బడి, ఆసుపత్రి సమకూర్చాక మిగిలినవారూ అటు చేరారు. అల్ జుమైల్‌లో కూలిన గోడల మధ్య మసీదు మినారు నిలిచి ఉంది.

ముత్యాల వేట

గల్ఫ్ ముత్యం ‘పింక్టాడా రేడియేటా’ అనే చిన్న చిప్పలో పుడుతుంది. బహ్రెయిన్, ఖతార్‌ల మధ్య, ఖతార్‌కు ఉత్తరాన, తూర్పున ఉన్న మెరకలు ఈ చిప్పలకు ప్రధాన స్థావరాలు. వేట జూన్ నుంచి సెప్టెంబరు దాకా, నీరు వెచ్చగా ఉండే కాలంలో సాగేది.

పడవకు నఖుదా యజమాని, నాయకుడు. మునిగేవాడిని ‘గవ్వాస్’, పైనుంచి తాడు పట్టేవాడిని ‘సైబ్’ అనేవారు. మునిగేవాడు ముక్కుకు ఎముకతోనో తాబేలు చిప్పతోనో చేసిన బిగింపు పెట్టుకుని, వేళ్లకు తోలు తొడుగులు వేసుకుని, మెడకు వలసంచి తగిలించుకుని, కాలికి కట్టిన రాయి బరువుతో అడుగుకు దిగేవాడు. రాయిని వెంటనే పైకి లాగేసేవారు. అతను ఊపిరి బిగబట్టి నిమిషం, నిమిషంన్నర చిప్పలు ఏరి రెండో తాడు గుంజగానే సైబ్ పైకి లాగేవాడు. సైబ్ ఏమరుపాటు అంటే గవ్వాస్ ప్రాణం పోవడమే. అందుకని ఆ పనిలో తరచు దగ్గరి బంధువులనే పెట్టుకునేవారు. పగలంతా మునిగేవాళ్లు కడుపునిండా తినేవారు కాదు. ఖర్జూరం, కాఫీ మీద నెట్టుకొచ్చి రాత్రి అన్నం, చేప తినేవారు. ఏరిన చిప్పలను మర్నాడు పొద్దున్నే అందరి ఎదుటా కలిపి తెరిచేవారు. ఏ ముత్యం ఎవరి చేతికి దొరికిందో తెలియకుండా ఉండడానికే ఆ ఏర్పాటు.

జీతం ఉండదు, వచ్చిన దాంట్లో వాటా. వేటకు ముందు ఇంటి ఖర్చుకు నఖుదా దగ్గర బయానా తీసుకోవాలి. వేట సరిగా సాగని ఏడు అది అప్పుగా మిగులుతుంది, తండ్రి పోతే కొడుకు మీద పడుతుంది. మునిగేవారిలో తూర్పు ఆఫ్రికా మూలాలున్న బానిసలు కూడా ఉండేవారు. ముత్యం అందాన్ని మాత్రమే చెప్పి ఈ అప్పుల లెక్క చెప్పకపోతే ఈ వృత్తి చరిత్ర అసంపూర్ణం.

1925 శరత్కాలంలో వేట ముగింపు దశలో వచ్చిన పెనుతుఫాను గల్ఫ్ అంతటా పెద్ద సంఖ్యలో పడవలను ముంచేసింది. ఆ ఏడాదిని అరబ్బులు ‘మునక ఏడు’ అనే పేరుతో గుర్తుపెట్టుకున్నారు. అప్పటికే జపాన్ పెంపకపు ముత్యాలు మార్కెట్లోకి వచ్చాయి. 1929 తరువాతి ఆర్థిక మాంద్యం ఈ వృత్తిని పూర్తిగా దెబ్బతీసింది. ఖతార్ తీర గ్రామాల్లో 1930లు, 40లు ఆకలి కాలం. కుటుంబాలు కుటుంబాలుగా వలసపోయాయి.

ఈ ముత్యాలకు పెద్ద మార్కెట్ బొంబాయి. అక్కడినుంచి హైదరాబాదుకు చేరేవి. తెలుగువారు ‘బస్రా ముత్యాలు’ అని పిలిచేవి ఈ గల్ఫ్ జలాల్లో దొరికినవే. బస్రా వ్యాపార కేంద్రమే తప్ప చిప్పలు దొరికే చోటు కాదు. నిజాం నగల్లోని ఏడు పేటల ‘సత్‌లడా’ హారం బస్రా ముత్యాలతో చేసిందే. భారత ప్రభుత్వం 1995లో కొన్న నిజాం ఆభరణాల్లో అది కూడా ఉంది. ఇప్పుడు చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టిలో అమ్మే ముత్యాల్లో ఎక్కువ భాగం చైనా మంచినీటి చెరువుల్లో పెంచినవి.

సరిహద్దు వివాదం

ఈ దీవుల గురించి ప్రపంచం పట్టించుకోవడం చమురుతో మొదలైంది. ఖతార్ పాలకుడు షేక్ అబ్దుల్లా బిన్ జాసిమ్ అల్ థానీ 1935 మే 17న ఆంగ్లో-పర్షియన్ ఆయిల్ కంపెనీకి చమురు హక్కులు ఇచ్చాడు. ఏ నేల ఎవరిదో తేలకుండా తవ్వకాలు జరగవు. 1936లో బహ్రెయిన్ పాలకుడి సలహాదారు చార్లెస్ బెల్‌గ్రేవ్ హవార్ దీవులు బహ్రెయిన్‌వని రాతపూర్వకంగా ప్రకటించాడు. దవాసిర్ తెగవారు తరతరాలుగా అక్కడ ఉంటున్నారని, వేట, జిప్సం గనుల పనులు చేస్తున్నారని బహ్రెయిన్ చూపింది. దీవులు తమ తీరాన్ని ఆనుకుని ఉన్నాయని, అవి తమ నేలలో భాగమేనని ఖతార్ వాదించింది. అప్పట్లో రెండు రాజ్యాల విదేశీ వ్యవహారాలూ బ్రిటిష్‌వారి చేతుల్లో ఉండేవి. 1939 జూలై 11న బ్రిటిష్ రాజకీయ రెసిడెంట్ ట్రెంచార్డ్ ఫౌల్ హవార్ బహ్రెయిన్‌దేనని తేల్చి ఇద్దరు పాలకులకు లేఖలు రాశాడు. ఖతార్ పాలకుడు వెంటనే నిరసన తెలిపాడు. 1947 డిసెంబరు 23న సముద్రగర్భాన్ని పంచుతూ రాసిన మరో లేఖలో జనాన్ హవార్‌లో భాగం కాదని బ్రిటిష్‌వారు పేర్కొన్నారు.

రెండు దేశాలూ 1971లో స్వతంత్రమయ్యాక వివాదం వాటికి వారసత్వంగా వచ్చింది. 1986 ఏప్రిల్‌లో ఫష్త్ అద్ దీబల్ అనే పగడపు దిబ్బ మీద బహ్రెయిన్ కట్టడాలు మొదలుపెడితే ఖతార్ సైనికులు దిగి అక్కడి కూలీలను అదుపులోకి తీసుకున్నారు. సౌదీ మధ్యవర్తిత్వంతో పరిస్థితి చల్లబడింది. 1991 జూలై 8న ఖతార్ ది హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. విచారణలో ఖతార్ దాఖలు చేసిన 82 పత్రాలు అసలువి కావని బహ్రెయిన్ సవాలు చేసింది. చివరికి వాటిపై ఆధారపడబోమని ఖతార్ స్వయంగా న్యాయస్థానానికి తెలిపింది.

2001 మార్చి 16న తీర్పు వచ్చింది. బహ్రెయిన్ తనదిగా చెప్పుకున్న జుబారా ఖతార్‌దని న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. హవార్ 12-5 ఓట్లతో బహ్రెయిన్‌కు, జనాన్ 13-4 ఓట్లతో ఖతార్‌కు దక్కాయి. హవార్ విషయంలో తీర్పుకు ఆధారం ఎవరు ఎన్నాళ్లు నివసించారన్నది కాదు. వివాదాన్ని బ్రిటిష్‌వారు తేల్చడానికి ఇద్దరు పాలకులూ ముందే సమ్మతించారు కాబట్టి 1939 నిర్ణయం ఇద్దరికీ కట్టుబాటేనని న్యాయస్థానం చెప్పింది. దూరాన్ని లెక్కలోకి తీసుకుని ఉంటే ఫలితం వేరుగా ఉండేదన్న ఖతార్ వైపు వాదనలో బలం లేకపోలేదు. అయితే సరిహద్దు ఒప్పందాలను దూరం కొలిచి తిరగరాయడం మొదలైతే గల్ఫ్‌లో ఏ గీతా నిలవదు.

మెరకల విషయంలో తీర్పు ఇంకా సూక్ష్మమైనది. సముద్ర చట్టం ప్రకారం పోటు వేళ కూడా నీటి పైన ఉండే సహజమైన నేలే దీవి. దానికి సొంత సముద్ర జలాలు ఉంటాయి. పాటు వేళ మాత్రమే తేలేది ‘పాటు మెరక’, తీరానికి దూరంగా ఉంటే దానికి ఆ హక్కు రాదు. కితాత్ జరాదా అనే ఇసుక మెరక పాటు వేళ 600 మీటర్ల పొడవు, 75 మీటర్ల వెడల్పు ఉంటుంది. పోటు వేళ మిగిలేది సుమారు 12 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు నేల, నీటి పైన దాని ఎత్తు 0.4 మీటర్లు. అంత కొద్దిపాటి నేల అయినా అది దీవేనని, అక్కడ బహ్రెయిన్ పాతిన నౌకా సంకేతం ఆ దేశ అధికారానికి నిదర్శనమని న్యాయస్థానం భావించి 12-5 ఓట్లతో దాన్ని బహ్రెయిన్‌కు ఇచ్చింది. పక్కనే ఉన్న ఫష్త్ అద్ దీబల్ పోటుకు పూర్తిగా మునుగుతుంది కనుక పాటు మెరక అయింది, ఖతార్‌కు దక్కింది. సరిహద్దు గీత ఈ రెంటి మధ్య నుంచి పోతుంది. హవార్‌కూ మిగతా బహ్రెయిన్ దీవులకూ మధ్య ఉన్న నీటిలో ఖతార్ ఓడలకు నిరపాయకర ప్రయాణ హక్కు ఉంటుందని కూడా తీర్పు గుర్తుచేసింది.

ఆ గీత కాగితం మీద స్పష్టంగానే ఉంది. నీటి మీద మాత్రం కనిపించదు. చేపల పడవలు దాన్ని దాటి పట్టుబడుతూనే ఉన్నాయి. ఆ పడవల మీద పనిచేసేవారిలో దక్షిణ భారత జాలర్లు చాలామంది. పడవ యజమాని ఒక దేశపువాడు, గీత ఇంకో దేశానిది, జైల్లో గడిపేది కూలికి వచ్చిన మనిషి. ఈ వివాదంపై వచ్చిన రచనల్లో వారి ప్రస్తావన తక్కువ.

ప్రాణికోటి

మడ: ఇక్కడ సహజంగా పెరిగే మడ జాతి ఒక్కటే, అవిసెన్నియా మరీనా. గోదావరి ముఖద్వారంలోని కోరింగ అడవిలో ఇది అనేక జాతుల్లో ఒకటి. ఏ నదీ మంచినీరు తేని ఈ తీరంలో ఇదొక్కటే నిలదొక్కుకుంది. ఆకుల మీద పేరుకునే ఉప్పు పొర ద్వారా ఇది ఒంట్లోని ఉప్పును బయటకు పంపుతుంది. కోరింగలో నిలువెత్తుకు మించి పెరిగే మొక్క ఇక్కడ చాలాచోట్ల పొదలాగే ఉండిపోతుంది.

హాక్స్‌బిల్ తాబేళ్లు: ఆంధ్ర తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లీలకు బంధువులు. ప్రపంచవ్యాప్తంగా తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి. రాస్ రకన్, ఉమ్ తైస్, హాలుల్ దీవుల్లో, ప్రధాన భూభాగంలో ఫువైరిత్, రాస్ లఫ్ఫాన్ తీరాల్లో ఏప్రిల్ నుంచి వేసవి నడిమి దాకా గుడ్లు పెడతాయి. రాత్రివేళ తల్లి పోటు గీత దాటి పైకి పాకి, వెనుక కాళ్లతో గుంత తీసి, గుడ్లు పెట్టి ఇసుకతో పూడ్చి వెళ్లిపోతుంది. పిల్లలు రావడానికి రమారమి రెండు నెలలు పడుతుంది. ఇసుక వేడిని బట్టి అవి ఆడవో మగవో నిర్ణయమవుతుంది. వేడి పెరిగితే ఆడపిల్లలే ఎక్కువ పుడతాయి. వేడెక్కుతున్న గల్ఫ్‌లో ఇది తీవ్రంగా ఆలోచించాల్సిన విషయం. ఉపగ్రహ పరికరాలు అమర్చి చేసిన పరిశీలనల్లో, నడివేసవిలో ఈ తాబేళ్లు మేత దిబ్బలు వదిలి లోతైన, కాస్త చల్లని నీటికి వెళ్లి, రెండు నెలలకు పైగా గడిపి తిరిగి వస్తున్నాయని తేలింది. గుడ్లు పెట్టే కాలంలో ఫువైరిత్ తీరాన్ని ప్రభుత్వం సందర్శకులకు మూసివేస్తుంది. ఖతార్ విశ్వవిద్యాలయ నిపుణులు గూళ్లను గుర్తించి, ప్రమాదంలో ఉన్నవాటిని భద్రమైన చోటికి మారుస్తారు.

డ్యూగాంగ్‌లు: సముద్రపు గడ్డి మేసే భారీ క్షీరదాలు. ఒక్కోటి 400 కిలోల దాకా బరువు తూగుతుంది. ఆస్ట్రేలియా తరువాత ప్రపంచంలో అత్యధికంగా ఇవి ఉన్నది గల్ఫ్‌లోనే. 1986లో ఖతార్, బహ్రెయిన్‌ల మధ్య జరిపిన విమాన సర్వేలో 674 డ్యూగాంగ్‌ల మంద ఒకేచోట కనిపించింది. అంత పెద్ద మంద అంతకుముందు ఎక్కడా నమోదు కాలేదు. వీటికి ప్రధాన ప్రమాదం వలలు. ఊపిరికోసం పైకి రావాల్సిన ప్రాణి వలలో చిక్కితే నిమిషాల్లో చనిపోతుంది. మంద సరిహద్దు గీతకు ఇరువైపులా మేస్తుంది కాబట్టి ఒక దేశం ఒంటరిగా దీన్ని కాపాడలేదు.

పక్షులు: హవార్ దీవుల్లో సొకోత్రా నీటికాకుల కాలనీ ప్రపంచంలోని అతి పెద్దవాటిలో ఒకటి. ఇవి చెట్ల మీద కాకుండా చదును నేల మీద వేలకొద్దీ పక్కపక్కనే గూళ్లు పెడతాయి. పిల్లిగానీ కుక్కగానీ ఒక్కటి చేరితే కాలనీ మొత్తం చెదిరిపోతుంది. హవార్‌ను బహ్రెయిన్ 1997లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేర్పించింది. శీతకాలంలో పులికాట్‌కు వచ్చినట్టే ఈ బురద మెరకల మీదికీ ఫ్లెమింగోలు వస్తాయి.

పగడాలు 1996, 1998 సంవత్సరాల వేడి కెరటాల్లో భారీగా తెల్లబడి చనిపోయాయి. ఉత్తర తీరపు లోతులేని దిబ్బలు ఇంకా పూర్తిగా తేరుకోలేదు. వేల్ షార్క్‌ల సంగతి ఇందుకు భిన్నం. ఖతార్‌కు ఉత్తరాన అల్ షాహీన్ చమురు క్షేత్రం చుట్టూ వేసవిలో ఇవి వంద దాకా గుమిగూడతాయి. అక్కడ చూర జాతి చేపలు పెట్టే గుడ్లను తినడానికే వస్తాయని పరిశోధకులు నిర్ధారించారు. చమురు వేదికల చుట్టూ చేపల వేటకు అనుమతి లేకపోవడం వాటికి కలిసొచ్చింది.

చమురు, సహజవాయువు

హాలుల్ చుట్టూ ఉన్న ఇద్ అల్ షర్గీ (1960), మైదాన్ మహ్‌జమ్ (1963) సముద్ర క్షేత్రాల్లో చమురు బయటపడ్డాక ఆ దీవిని నిల్వ, ఎగుమతి కేంద్రంగా మార్చారు. తరువాత బుల్ హనీన్ క్షేత్రం కూడా దానికి జతపడింది. గొట్టాల ద్వారా వచ్చే ముడి చమురు ట్యాంకుల్లో నిలవ చేసి, సముద్రంలో లంగరేసిన బోయాల దగ్గర ఓడలకు నింపుతారు. దీవిలో ఉండేది వంతులవారీగా వచ్చిపోయే ఉద్యోగులే.

1971లో ఖతార్ ఈశాన్య జలాల్లో నార్త్ ఫీల్డ్ బయటపడింది. ఇరాన్ వైపున దీన్నే సౌత్ పార్స్ అంటారు. ప్రపంచంలో అతి పెద్ద సహజవాయు క్షేత్రం ఇదే. మొత్తం 9,700 చదరపు కిలోమీటర్లలో సుమారు 6,000 ఖతార్ వాటా. రాస్ లఫ్ఫాన్ నుంచి ద్రవీకృత వాయువు ఎగుమతి 1996 చివర్లో మొదలైంది. భారతదేశపు పెట్రోనెట్ 1999లో ఏడాదికి 75 లక్షల టన్నులకు ఒప్పందం కుదుర్చుకుంది. 2004లో తొలి ఓడ గుజరాత్‌లోని దహేజ్ చేరింది. ఈ ఒప్పందాన్ని 2028 నుంచి మరో ఇరవై ఏళ్లకు పొడిగిస్తూ 2024 ఫిబ్రవరిలో సంతకాలు జరిగాయి. రాస్ లఫ్ఫాన్ కర్మాగారాల నిర్మాణంలో, నిర్వహణలో పనిచేసిన, పనిచేస్తున్న భారతీయుల్లో ఉత్తర తెలంగాణ, గోదావరి, శ్రీకాకుళం జిల్లాలవారూ ఉన్నారు. వారిలో చాలామంది నివాసం పక్కనున్న అల్ ఖోర్.

పాలన, రాకపోకలు

రాస్ రకన్, ఉమ్ తైస్ అష్ షమాల్ పురపాలక పరిధిలో, బిన్ గన్నామ్ అల్ ఖోర్ పరిధిలో ఉన్నాయి. హవార్ బహ్రెయిన్ దక్షిణ గవర్నరేట్‌లో భాగం. దోహా నుంచి రువైస్‌కు అష్ షమాల్ రహదారి మీదుగా సుమారు గంటన్నర ప్రయాణం. బిన్ గన్నామ్‌కు తీరం నుంచి కాలిబాట వంతెన ఉంది. మడ వాగుల్లో కయాక్ పడవలు తిప్పుతారు. ఖతార్‌వైన మిగతా దీవులకు సాధారణ ప్రయాణ సౌకర్యం లేదు, హాలుల్‌కు ప్రత్యేక అనుమతి కావాలి.

రువైస్ చాలాకాలం చేపల రేవుగానే ఉంది. 2015లో విస్తరణ తరువాత సరుకు పడవలు రావడం మొదలైంది. 2017 జూన్ 5న సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు ఖతార్‌తో సంబంధాలు తెంచుకుని సౌదీ భూమార్గం మూసేసినప్పుడు, ఇరాన్ వైపు నుంచి పండ్లు, కూరగాయలు, గొర్రెలు చెక్క పడవల్లో ఈ రేవుకు చేరాయి. 2021 జనవరిలో అల్ ఉలా ఒప్పందంతో దిగ్బంధం ముగిసింది. ఖతార్, బహ్రెయిన్‌లను కలిపే సుమారు 40 కిలోమీటర్ల సముద్ర వంతెన ప్రతిపాదన 2001 తీర్పు తరువాతి సయోధ్య కాలంలో రూపుదిద్దుకుంది. మధ్యలో ఆగిపోయి, 2023లో రెండు దేశాల చర్చల్లోకి మళ్లీ వచ్చింది. వంతెన వెళ్లాల్సిన దారి జుబారా తీరానికి దగ్గరగా మొదలై డ్యూగాంగ్‌లు మేసే సముద్రపు గడ్డి మీదుగా పోతుంది.